పెట్రీ పళ్లెంలో పరిణామం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో కల్చర్ రిపోర్టు (రోగి నమూనాలోని సూక్ష్మజీవులను పెట్రీ పళ్లెం అనే చదునైన పళ్లెంలో పెంచి, ఏ మందుకు లొంగుతాయో చూసి ఇచ్చే కాగితం) చదవడం ఎలాగో చెబుతూ, ‘జీవపరిణామం ఆస్పత్రి ల్యాబులో రోజూ కనిపిస్తుంది’ అని ఒక వాక్యం రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ వాక్యం మీదే. నగరంలోని ఒక ఆస్పత్రి మైక్రోబయాలజీ విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని, నాకు ఇంత సందడి అలవాటు లేదు. మా గది భవనం వెనకవైపు, మార్చురీ పక్కన ఉండేది. పొరపాటున దారి తప్పి వచ్చినవాళ్లే తప్ప ఎవరూ ప్రశ్నలు అడిగేవారు కాదు.

ప్రశ్న: మీరు పరిణామం అన్నది పరిణామం కాదు. ఎన్ని మందులు వేసినా బ్యాక్టీరియా బ్యాక్టీరియాగానే ఉంది. బల్లి కాలేదు, పిల్లి కాలేదు. పైగా మందులకు లొంగని లక్షణం వేల ఏళ్ల నాటి మంచులో కూడా దొరికిందని చదివాను. ముందే ఉన్నది ఇప్పుడు బయటపడితే, కొత్తగా పుట్టింది ఏముంది? బడిలో పాఠాలు చెప్పినవాణ్ని. దబాయిస్తే ఒప్పుకోను.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: దబాయించను మాస్టారూ. మీవి రెండు అభ్యంతరాలు. రెండోది గట్టిది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మంచు మాట నిజమే. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టిలోంచి తీసిన డీఎన్ఏ ఫలితాలు 2011లో వచ్చాయి. పెన్సిలిన్ కుటుంబపు మందులను, టెట్రాసైక్లిన్‌ను, చివరికి వాంకోమైసిన్‌ను కూడా వమ్ము చేసే జన్యువులు అందులో ఉన్నాయి. ఇందులో వింత ఏమీ లేదు. యాంటీబయాటిక్‌లలో చాలావాటిని మట్టిలోని సూక్ష్మజీవులే తయారుచేసుకుంటాయి; మనం వాటిని తీసి సీసాల్లో పోశాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లే సంస్థలో బెంజమిన్ డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ కూడా అమెరికాలోని మిస్సోరీ మట్టిలో దొరికిన సూక్ష్మజీవిదే. అది 1948లో లోకానికి తెలిసింది. విషం తయారుచేసే జీవికి ఆ విషం నుంచి తనను కాపాడుకునే ఏర్పాటు కూడా ఉండాలి కదా. ఆ ఏర్పాటు పక్కవాళ్లకూ అబ్బితే వాళ్లూ బతుకుతారు. మొదటి మందుల షాపు తెరవకముందే, అసలు మనిషి పుట్టకముందే, మట్టిలో ఈ తగవు మొదలైంది.

‘ముందే ఉంటే పరిణామం ఎలా అవుతుంది’ అని మీరన్నారు. ముందే ఉండాలన్నదే ప్రకృతి వరణానికి మొదటి షరతు. గుంపులో తేడాలు ముందుగా ఉండాలి, కష్టం వచ్చినప్పుడు కొన్ని మిగలాలి, మిగిలినవాటి సంతానానికి ఆ తేడా అందాలి. ఈ లొంగని గుణాన్ని, అంటే నిరోధకతను, మందు పుట్టించదు; అది ముందే ఉన్నవాటిని ఏరుతుంది. ఇది వాదన కోసం చెబుతున్న మాట కాదు. ప్రయోగం చేసి తేల్చిన సంగతి.

1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. వాళ్లు వాడింది మందు కాదు, బ్యాక్టీరియాను చంపే వైరస్. ఒకే మూలం నుంచి చాలా గొట్టాల్లో బ్యాక్టీరియాను విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టాన్ని వైరస్ పూసిన ఒక్కో పళ్లెంలో పోశారు. వైరస్ తగిలాక ఆ దెబ్బకు బ్యాక్టీరియా మారుతున్నట్లయితే ప్రతి పళ్లెంలోనూ దాదాపు ఒకే లెక్కలో బతికినవి కనిపించాలి. అలా కాలేదు. చాలా పళ్లాల్లో సున్నా, కొన్నింట్లో ఒకటో రెండో, ఒకటీ అరా పళ్లెంలో మాత్రం వందకు పైగా. గొట్టంలో పెరుగుతున్నప్పుడే, వైరస్ ముఖం చూడకముందే, ఎక్కడో ఒక కణంలో మార్పు వచ్చేసింది. ముందుగా వచ్చిన గొట్టంలో దాని సంతానం పెద్దది, ఆలస్యంగా వచ్చిన గొట్టంలో చిన్నది. సహోద్యోగి ఒకాయన క్లబ్బులో డబ్బులేసే జూదం యంత్రంతో ఆడుతుంటే చూసి లూరియాకు ఈ ఆలోచన తట్టిందట. ఎక్కువసార్లు ఏమీ రాదు, ఒక్కోసారి కుప్పగా రాలుతుంది. (జూదం వల్ల మానవాళికి జరిగిన మేలు నాకు తెలిసి ఇదొక్కటే.)

లెక్కలంటే తలనొప్పి అనేవాళ్లకు 1952 నాటి ఎస్తర్, జాషువా లెడర్‌బర్గ్‌ల ప్రయోగం నయం. మా విద్యార్థులకు దీన్నే చేసి చూపించేదాన్ని. మందు లేని పళ్లెంలో బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది. కొయ్యదిమ్మెకు బిగించిన మఖమల్ గుడ్డను, పత్తర్‌గట్టి దుకాణాల్లో దొరికే మామూలు మఖమలే, శుద్ధి చేసి దాని మీద ఒత్తాలి. నూగుకు ప్రతి చుక్క నుంచీ కొంత అంటుకుంటుంది. ఆ గుడ్డను మందు కలిపిన పళ్లాల మీద వరసగా ఒత్తితే, అన్నింటిలోనూ ఒకే చోట కొన్ని చుక్కలు బతికి లేస్తాయి. అప్పుడు మొదటి పళ్లెం దగ్గరకు వెనక్కి వెళ్లాలి. దానికి మందు వాసన కూడా తగల్లేదు. అందులో అదే చోట ఉన్న చుక్కను తీసి పరీక్షిస్తే, అది అప్పటికే మందుకు లొంగనిది! ఈ ఘట్టం దగ్గర, వెనక బెంచీలో కునుకు తీసేవాళ్లు కూడా లేచి ముందుకు వచ్చేవారు.

ఇక ‘కొత్తది ఏముంది’ అన్న మాట. కొత్తవి బోలెడు. 1960లలో ఏథెన్స్‌లోని ఒక రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాలో, ఆంపిసిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైము ఒకటి కనబడింది. దానికి టెమ్-1 అని పేరు పెట్టారు. దాన్ని తట్టుకునేలా సెఫలోస్పోరిన్‌లు అనే యాంటీబయాటిక్‌లలో కొత్తవి తయారుచేశారు. 1980లలో అవి వాడకంలోకి వచ్చాక, అదే టెమ్ ఎంజైములో ఒకచోటో రెండు చోట్లో అమైనో ఆమ్లం మారిన రకాలు వరసగా బయటపడ్డాయి. ఆ మార్పుతో కొత్త మందులు కూడా ముక్కలు కాసాగాయి. ఈ రకాలు ఇప్పటికి రెండు వందలకు పైగా నమోదయ్యాయి. మీ ఇంట్లో ఎవరికైనా మూత్రం కల్చర్ చేయించినప్పుడు రిపోర్టు అడుగున ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని ఉంటే, ఇలాంటి ఎంజైములలో ఏదో ఒకటి ఆ బ్యాక్టీరియాలో ఉన్నట్టు. మొన్నటి మందుకు నిన్న పుట్టిన జవాబు మీ చేతిలోని కాగితం మీద ఉంది మాస్టారూ.

పోనీ, మారుతుండగా కళ్లారా చూస్తానంటారా? హార్వర్డ్‌లో 2016లో అరవై సెంటీమీటర్ల వెడల్పు, నూట ఇరవై సెంటీమీటర్ల పొడవుతో ఒక మహా పెట్రీ పళ్లెం చేశారు. రెండు అంచుల్లో మందు లేదు. అక్కడి నుంచి మధ్యకు వచ్చేకొద్దీ మోతాదు పట్టీలు పట్టీలుగా పెరిగి నట్టనడుమ వెయ్యి రెట్లు అవుతుంది. అంచుల్లో వేసిన ఈ.కోలై (మన పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా) మొదటి గీత దగ్గర ఆగిపోయింది. కాసేపటికి ఎక్కడో ఒక కణం గీత దాటి, విసనకర్రలా విచ్చుకుంది. మళ్లీ గీత, మళ్లీ ఆగడం, మళ్లీ ఒకటి దాటడం. దాదాపు పదకొండు రోజుల్లో నడిమికి చేరాయి. మొదట వేసిన కణాలను నేరుగా నడిమి పట్టీలో వేస్తే చచ్చిపోతాయి. అక్కడికి చేరినవి మధ్యలో ఒక్కో మార్పునూ పోగుచేసుకుంటూ వెళ్లాయి.

మీ మొదటి అభ్యంతరం ఇప్పుడు. బ్యాక్టీరియా బ్యాక్టీరియాగానే ఉంది అన్నారు. ‘బ్యాక్టీరియా’ అన్నది ఒక జీవి పేరు కాదు. డీఎన్ఏ తీసి చూస్తే మీకూ మీ పెరటి మామిడిచెట్టుకూ ఉన్న చుట్టరికం, చాలా బ్యాక్టీరియాలకు ఒకదానితో ఒకటి ఉన్న చుట్టరికం కన్నా దగ్గరిది. అందుకే ల్యాబులో మేము ‘బ్యాక్టీరియా వచ్చింది’ అని రాసి ఊరుకోం, ఏదో తేల్చాలి. ఈ.కోలైని పట్టుకోవడానికి మాకున్న పాత పరీక్షల్లో సిట్రేట్ పరీక్ష ఒకటి. గాలి తగిలేచోట సిట్రేట్ (నిమ్మ పులుపు నుంచి వచ్చే లవణం) తిని బతకడం ఈ.కోలైకి చేతకాదు. పరీక్ష గొట్టం ఆకుపచ్చగానే ఉండిపోతుంది. క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా అయితే నీలమవుతుంది. ఆ రంగును నమ్మి నేను రాసిన రిపోర్టులు ఎన్నో. అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ లెన్‌స్కీ 1988లో ఈ.కోలైని పన్నెండు ఫ్లాస్కుల్లో వేసి, ప్రతి రోజూ కొంత తీసి కొత్త ద్రవంలో వేయించసాగారు. ముప్పై వేల తరాలు దాటాక ఒక ఫ్లాస్కులో సిట్రేట్ తినే ఈ.కోలై పుట్టింది. 2008లో ఆ సంగతి ప్రకటించారు. ముందు తరాల నమూనాలన్నీ గడ్డకట్టించి దాచారు కాబట్టి, వెనక్కి వెళ్లి మార్పులు ఏ వరుసలో వచ్చాయో కూడా వెతికారు. ఒక జాతిని గుర్తుపట్టడానికి మేము పెట్టుకున్న గుర్తే చెరిగిపోయింది. బల్లి కాలేదు, నిజమే. బల్లి అయితే పరిణామ సిద్ధాంతమే తప్పని తేలేది!

అయితే ఒక విషయంలో మీతో ఏకీభవిస్తాను. యాంటీబయాటిక్ నిరోధకతను చూపించి ‘కాబట్టి మనిషి, చింపాంజీ ఒకే మూలం నుంచి వచ్చాయి’ అనేవాళ్లు సగం మెట్లు ఎగరేసి దూకుతున్నారు. నిరోధకత రుజువు చేసేది యంత్రాంగాన్ని: తేడా పుట్టడం, ఏరివేత, వారసత్వం. కోట్ల ఏళ్ల చరిత్రకు సాక్ష్యం వేరే ఉంది. దానికోసం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీరు ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు, ఆదర్శ్‌నగర్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియం చాలు. అక్కడ నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, 16 కోట్ల ఏళ్లకు పైబడింది. ఆ రాళ్లను కోట శిలలంటారు. వాటిలో డైనోసార్లతోపాటు చిట్టి క్షీరదాల పళ్లు కూడా దొరికాయి. అందులో ఒకదాని పేరు కోటథీరియం హాల్డానీ. పరిణామాన్ని ఏది తప్పని తేలుస్తుందని అడిగితే, కేంబ్రియన్‌కు ముందటి, అంటే క్షీరదాలేవీ పుట్టని అతి పాత కాలపు రాళ్లలో కుందేలు శిలాజం దొరికితే చాలన్నాడని చెబుతారే, ఆ బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హాల్డేన్ పేరే. ఆయన భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో పోతూ, దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసి ఇచ్చాడు. కోట రాళ్లలో ఇప్పటిదాకా కుందేలు దొరకలేదు.

ఇంకొక సాక్ష్యం మీ వంటింట్లో ఉంది. మేక, కుక్క తమకు కావలసిన విటమిన్ సి కాలేయంలో తామే చేసుకుంటాయి. మనకు ఉసిరికాయో జామకాయో కావాలి. ఆ విటమిన్ తయారీలో ఆఖరి ఎంజైము జన్యువు మనలోనూ ఉంది, కానీ పాడైపోయి ఉంది. చింపాంజీలోనూ పాడైంది, దెబ్బతిన్న తీరు మనదానిలాగే. గినీ పందిలో కూడా పాడైంది కానీ, అక్కడి విరుపులు వేరు. పరీక్షలో ఇద్దరు పిల్లలు ఒకే తప్పు, అదే వరుసలో, అదే అక్షరం దగ్గర రాస్తే మీరేమనుకునేవారు మాస్టారూ?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. జలుబు చేసినప్పుడల్లా వీధి చివర మందుల షాపులో అజిత్రోమైసిన్ మూడు రోజులకు ఇస్తారు, తగ్గిపోయేది. ఈమధ్య తగ్గడం లేదు. ఒంటికి మందు అలవాటైపోయిందంటున్నారు. ఇంకా పెద్ద మందు వాడాలా?
– గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: వద్దమ్మా. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. అజిత్రోమైసిన్ వాటిని ఏమీ చేయదు. అప్పట్లో మూడు రోజులకు తగ్గింది జలుబు దానంతట అదే తగ్గే రోజులు కాబట్టి.

ఇక అలవాటు పడేది బాబు ఒళ్లు కాదు. వాడి గొంతులో, ముక్కులో, పేగుల్లో మామూలుగా కాపురం ఉండే బ్యాక్టీరియా కోట్లలో ఉంటాయి. మందు వేసిన ప్రతిసారీ లొంగేవి చచ్చి, లొంగనివి మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. రేపు నిజంగా ఏ న్యుమోనియానో వస్తే ఆ మందు పనికిరాకపోవచ్చు. అవి వాడి దగ్గరే ఆగవు, ఇంట్లో తాతయ్య, నాయనమ్మలకూ చేరతాయి. స్ట్రిప్పు వెనక ఎర్రని నిలువు గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా ఆ మందు అమ్మకూడదని అర్థం. షాపతన్ని ఒకసారి ఆ గీత చూపించి అడగండి, ఏం చెబుతాడో నాకూ వినాలని ఉంది. బాబుకు జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, తిండి మానేసినా షాపుకు కాదు, పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న: మా తమ్ముడికి టీబీ. ఆరు నెలలు మందులు వాడాలన్నారు, మొదట నాలుగు రకాలు. నెలన్నరకే దగ్గు పోయింది, బరువు పెరిగాడు. ఒక్క మందు చాలదా, ఇన్ని ఎందుకు, ఇంకా ఎందుకు అని గొడవ చేస్తున్నాడు.
– ఒక పాఠకురాలు, బోరబండ

జవాబు: స్ట్రెప్టోమైసిన్ వచ్చిన కొత్తలో ఒక్క మందే ఇచ్చేవారమ్మా. బ్రిటన్‌లో 1948 నాటి పరీక్షల్లో రోగులు మొదట లేచి తిరిగారు. తరవాత చాలామందిలో జబ్బు తిరగబెట్టింది. అప్పటికి ఆ మందు పనిచేయడం మానేసింది. ఎందుకంటే ఊపిరితిత్తిలో పడిన పుండులో టీబీ సూక్ష్మజీవులు కోట్లకొద్దీ ఉంటాయి. ఒక మందుకు లొంగనిది వాటిలో ఏ కోటికో ఒకటి పుట్టుకతోనే ఉంటుంది. ఒక్క మందు ఇస్తే మిగతావన్నీ చచ్చి, అది రాజ్యమేలుతుంది. రెండు మందులకూ ఒకేసారి లొంగనిది కావాలంటే కోటిని కోటితో గుణించాలి. అన్ని సూక్ష్మజీవులు ఏ మనిషి ఊపిరితిత్తిలోనూ ఉండవు. నాలుగు మందుల లెక్క ఇదే. టీబీలో నిరోధకత మరో బ్యాక్టీరియా నుంచి అరువు తెచ్చుకున్నది కాదు, సొంత జన్యువుల్లో మార్పుతో వచ్చేదే. అందుకే మీ తమ్ముడి ఒంట్లోనే అది కొత్తగా తయారయ్యే వీలుంది.

దగ్గు పోవడం వేగంగా పెరిగేవి చచ్చినందుకు. నెమ్మదిగా, దాదాపు నిద్రలో ఉన్నట్టుండేవి మిగిలే ఉంటాయి. మిగతా నెలలు వాటికోసం. రెండు నెలలు నాలుగు, ఆ తరవాత నాలుగు నెలలు మూడు, ఇది మన దేశంలో మామూలు పద్ధతి. ప్రభుత్వ ఆస్పత్రిలో మందులు ఉచితం. తమ్ముడు వినకపోతే ఈ పేజీ చూపించండి, అప్పటికీ వినకపోతే మీ అమ్మగారిని రంగంలోకి దింపండి.

(ఇదే సందర్భంలో ‘ఏ యాంటీబయాటిక్ అయినా కోర్సు పూర్తిచేయాలా’ అని ఇంకొందరు అడిగారు. టీబీ మాట వేరు. కొన్ని మామూలు ఇన్ఫెక్షన్లకు వెనకటికన్నా తక్కువ రోజులు చాలని పరీక్షల్లో తేలింది, డాక్టర్లు అలాగే రాస్తున్నారు. ఎన్ని రోజులో వాళ్లు చెప్పాలి, మీరూ నేనూ కాదు. మిగిలిన మాత్రలు అల్మరాలో దాచి మరోసారి వాడటం మాత్రం ఏ లెక్కలోనూ సరికాదు.)

ప్రశ్న: మందుల ఫ్యాక్టరీల మురుగు వల్ల మొండి బ్యాక్టీరియా పెరుగుతుందంటారు. నీళ్లలో కలిసిపోయిన మందుకు అంత బలం ఉంటుందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, పటాన్‌చెరు

జవాబు: మీ ఊరి పేరుతోనే ప్రపంచానికి ఈ సంగతి తెలిసింది బాబూ. 2007లో స్వీడన్ పరిశోధకులు, సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలం శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయ్యాక బయటకు వస్తున్న నీరు అది. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మీరు ‘కలిసిపోయిన మందు’ అన్నారు. అక్కడ నీళ్లే మందులో కలిశాయి.

అంత మోతాదు కూడా అక్కర్లేదు. బ్యాక్టీరియాను పూర్తిగా చంపలేని కొద్దిపాటి మందు కూడా, లొంగనివాటికి చిన్న మొగ్గు ఇస్తుంది. ఆ మొగ్గు రోజుల తరబడి, వాగు పొడవునా, ఆగకుండా ఉంటే చాలు. అనువైన చోట ఈ.కోలై ఇరవై నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. అంటే రోజుకు 72 తరాలు. మనుషుల లెక్కలో అన్ని తరాలు వెనక్కి వెళ్తే శాతవాహనుల చివరి రోజులు. దీనికితోడు బ్యాక్టీరియా నిరోధక జన్యువులను ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరాల మీద పెట్టి, తన పిల్లలకే కాక పక్కనున్న వేరే జాతికి కూడా ఇచ్చేస్తుంది. 1950లలో జపాన్‌లో జిగట విరేచనాల బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు లొంగకపోవడం చూసి ఆరా తీస్తే ఈ బదిలీ బయటపడింది. వాగులోని ఏ హానీ చేయని బ్యాక్టీరియా దగ్గర ఉన్న జన్యువు, జబ్బు చేసేదాని చేతికి అలా వస్తుంది.

ప్రశ్న: ఒక మందు పనిచేయకపోతే దాన్ని కొన్నేళ్లు పక్కన పెడితే మళ్లీ పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, బేగంపేట

జవాబు: ఒక్కోసారి. మీ బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు కాబట్టి దానితోనే మొదలుపెడతాను. అది బ్యాక్టీరియా కాకపోయినా సూత్రం ఒకటే. ఆఫ్రికాలోని మలావీలో క్లోరోక్విన్ పనిచేయక 1993లో ఆపేశారు. సుమారు పుష్కర కాలం తరవాత పరీక్షిస్తే దాదాపు అందరిలోనూ మళ్లీ పనిచేసింది. మందు లేనప్పుడు నిరోధకత మోయడం ఆ పరాన్నజీవికి బరువైంది, మామూలువి దాన్ని వెనక్కి నెట్టాయి. ఫిన్లాండులో కూడా 1990లలో ఎరిత్రోమైసిన్ జాతి మందుల వాడకం తగ్గిస్తే, గొంతునొప్పి కలిగించే స్ట్రెప్టోకాకస్‌లో నిరోధకత 16.5 శాతం నుంచి 8.6కు దిగింది.

బ్రిటన్ అనుభవం మాత్రం వేరు. 1990లలో అక్కడ సల్ఫా మందుల వాడకం దాదాపు ఆగిపోయింది. అయినా ఈ.కోలైలో సల్ఫా నిరోధకత 1991లో సుమారు 40 శాతం ఉన్నది 1999కి 46 శాతమైంది. ఆ జన్యువు ఇంకా వాడుకలో ఉన్న వేరే మందులను తట్టుకునే జన్యువులతో ఒకే ప్లాస్మిడ్ మీద కూర్చుని ఉంది. వాటిని వాడినప్పుడల్లా ఇదీ వాటితోపాటే మిగులుతోంది.